"నమూనా పనికిరాదు" అంటే ఏమిటి?

మన సంఘం వార్షిక సంచికకు ఒక సైన్సు వ్యాసం రాయమని మిత్రులు అడిగినప్పుడు, అంతరిక్షం గురించో అణుశక్తి గురించో రాస్తే గంభీరంగా ఉంటుందని మొదట అనుకున్నాను. కాని వాటి గురించి నాకంటే బాగా తెలిసినవాళ్లు మన కళాశాలలోనే పదిమంది ఉన్నారు. నాకు కాస్త తెలిసింది ఒక చిన్న సంగతి. డీఎన్ఏ క్రమాన్ని చదివే యంత్రంలో నమూనా పెట్టేముందు, అది చదవడానికి తగిన నమూనాయేనా కాదా అని ఎలా చూస్తారు? మన పాఠ్యపుస్తకంలో దీనికి అర పేజీ ఇచ్చారు. పరీక్షలో అడిగితే రెండు మార్కులకు అడుగుతారు. మా ఇంట్లో మాత్రం ఇది మూడు వారాల గొడవ అయింది. ఆ గొడవతోనే మొదలుపెడతాను.

నిరుడు మే నెలలో ఒక మధ్యాహ్నం నేను అఫ్జల్‌గంజ్‌లో స్టేట్ సెంట్రల్ లైబ్రరీలో కూర్చుని ఉన్నాను. 1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలైన ఆ సంస్థ 1936 నుంచి మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనంలో నడుస్తోంది. ఎత్తైన కప్పు, మందపాటి గోడలు. నా గదిలో ఫ్యాను తిరిగినా వేడిగాలే కాబట్టి ఎండాకాలమంతా నా చదువు అక్కడే. మా మామ ఇమ్లిబన్ బస్టాండులో దిగి నడుచుకుంటూ వచ్చాడు. మామ అంటే మా అమ్మకు స్వయానా తమ్ముడు, మా అక్కకు భర్త. మా నల్లగొండ పల్లెల్లో మేనరికాలు కొత్త కాదు గదా! చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి నా చేతిలో పెట్టాడు.

"ఏం రాసిన్రు చూడురా. మీ అక్క నెత్తురు కరాబైందంటున్నరు."

కాగితం ఇంగ్లీషులో ఉంది. సారాంశం ఇది: భర్త నమూనా సరిపోయింది, భార్య నమూనా పరీక్షకు అనర్హం, తిరిగి పంపగలరు. అంతే. ఎందుకు అనర్హమో ఒక్క ముక్క లేదు.

"అంటే దాని నెత్తుర్ల ఏమన్న ఉన్నదారా?" అని అడిగాడు మామ.

నేను జన్యుశాస్త్రం ఒక సబ్జెక్టుగా చదువుతున్న డిగ్రీ విద్యార్థిని. మా ఊళ్లో నన్ను "డాక్టరు సదువు" అంటారు, ఎన్నిసార్లు కాదన్నా వినరు. ఆ రోజు లైబ్రరీ మెట్లమీద నిలబడి "మళ్లీ ఇవ్వాలంట మామా" అని తప్ప ఇంకేమీ చెప్పలేకపోయాను. ఆయన సాయంత్రం బస్సుకు వెళ్లిపోయాడు. ఇంటికి చేరేసరికి ఆ మాట ఇంకొంచెం పెరిగింది. "మా ఇంటి నెత్తురు ఎన్నడు చెడలె, ఇదేం కర్మ" అని అమ్మమ్మ కూర్చుని ఏడ్చిందట. అక్క ఆమెకు కోడలే కాదు, కూతురి కూతురు కూడా. అది కూడా తన ఇంటి నెత్తురేనన్న సంగతి ఆ కోపంలో ఆమెకు తట్టలేదు. అక్క రెండు రోజులు అన్నం ముట్టలేదని అమ్మ ఫోనులో చెప్పింది.

పరీక్ష ఎందుకో చెప్పాలి. అక్కకు మొదటి కొడుకు. నాలుగేళ్లవాడు. వాడికి తలసీమియా. మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఇప్పుడు అక్క మళ్లీ నెల తప్పింది. తలసీమియా జన్యువు ఒక్కటి మాత్రమే చెడి ఉన్న మనిషి మామూలుగానే ఉంటాడు, వాహకుడు అంటాం. మన దేశంలో సగటున నూటికి ముగ్గురు నలుగురు ఇలాంటివాళ్లు ఉంటారని లెక్క. తల్లీ తండ్రీ ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి రెండో బిడ్డకు రాదు అనేదేమీ లేదు, పాచికకు పాత పందెం గుర్తుండదు.

గర్భంలో ఉన్న బిడ్డకు జబ్బు ఉందో లేదో 11 నుంచి 13 వారాల మధ్య మావి అంచునుంచి రవ్వంత కణజాలం తీసి చెప్పవచ్చు. కాని అంతకు ముందే తల్లిలో ఏ అక్షరం తప్పిందో, తండ్రిలో ఏ అక్షరం తప్పిందో తెలిసి ఉండాలి. బీటా గ్లోబిన్ జన్యువు 11వ క్రోమోజోములో ఉంటుంది. చాలా చిన్నది, సుమారు 1600 అక్షరాలు. అందులో ఎక్కడైనా తప్పు ఉండవచ్చు. అక్క రక్తం మొదటిసారి ఇచ్చినప్పుడు ఆరో వారం. ఆ కాగితం మామ చేతికి వచ్చేసరికి తొమ్మిదో వారం. పల్లెలో మనిషికి మూడు వారాలు లెక్కలోవి కావు, నాటు ఆలస్యమైతే తప్ప. ఇది నాటుకంటే గట్టి గడువు.

ఆ రాత్రి నుంచి నేను చదివిందీ, మా మేష్టార్లను అడిగి తెలుసుకున్నదీ, నా ప్రయోగశాల పుస్తకంలో నేనే చేసిన ఒక పొరపాటూ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

మొదట రక్తం సంగతి. రక్తం ఎర్రగా ఉండటానికి కారణమైన ఎర్రకణాల్లో కేంద్రకం లేదు, కాబట్టి మనకు కావలసిన డీఎన్ఏ కూడా లేదు. అది తెల్లకణాల్లోనే దొరుకుతుంది. ఒక మిల్లీలీటరు రక్తంలో తెల్లకణాలు సుమారు 40 లక్షల నుంచి కోటి పది లక్షల దాకా ఉంటాయి. ఒక్కో కణంలో డీఎన్ఏ బరువు 6.6 పికోగ్రాములు. అంతా పోగు చేస్తే మిల్లీలీటరుకు 20, 30 మైక్రోగ్రాములు చేతికి వస్తే అదృష్టం. కంటికి ఆనదు గాని పరీక్షలకు చాలినంత. అయితే రక్తం ఒంట్లోంచి బయటికి వచ్చిన క్షణం నుంచి రెండు శత్రువులు పని మొదలుపెడతాయి. ఒకటి గడ్డకట్టడం. రెండు, డీఎన్ఏను కొరికే ఎంజైములు. చచ్చిన కణం తన ఇంటిని తానే కూల్చుకుంటుంది. అందుకే రక్తం తీసే గొట్టంలో ముందే ఒక మందు వేసి ఉంచుతారు. ఈడీటీఏ అనేది ఒక మందు. ఇది కాల్షియాన్నీ మెగ్నీషియాన్నీ పట్టి బంధిస్తుంది. కాల్షియం లేక రక్తం గడ్డకట్టదు, మెగ్నీషియం లేక కొరికే ఎంజైముకు పళ్లు ఊడతాయి. ఒకే దెబ్బకు రెండు పనులు. హెపారిన్ అనేది ఇంకో మందు. ఇదీ గడ్డ కట్టనివ్వదు. చాలా రసాయన పరీక్షలకు ఇదే మంచిది. కాని డీఎన్ఏ పరీక్షకు ఇది పరమ శత్రువు. ఎందుకో తర్వాత చెబుతాను.

ఇక్కడ నా పొరపాటు చెప్పుకోవాలి. రెండో సంవత్సరం ప్రాక్టికల్‌లో ఒక మొక్క ఆకు నుంచి డీఎన్ఏ తీయమన్నారు. మిగతావాళ్లు ప్రాంగణంలో దొరికిన ఆకులు తెచ్చుకున్నారు. నేను మా చేలోని కందాకు తెచ్చాను. పటాన్‌చెరువు ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ముందు నిలిచి 2011లో కంది జన్యుక్రమాన్ని ప్రపంచానికి అందించారని, అది "ఆశ" అనే రకమని క్లాసులో విన్నాను. మా నాయిన వేసింది అదే రకం. ఆ గర్వంతో ఆదివారం పొద్దున ఆకు కోసి, ప్లాస్టిక్ కవరులో మూట కట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని మూడు గంటలు ప్రయాణం చేసి, సోమవారం దాకా గదిలో ఉంచి తెచ్చాను. నూరాను, సబ్బు లాంటి ద్రావకంలో వేడి చేశాను, క్లోరోఫారంతో కలిపి తిప్పాను, పైనున్న నీటి పొర తీసుకుని చల్లని ఆల్కహాలు పోశాను. తెల్లటి పోగులు తేలాయి. మా జట్టులో నలుగురం కేకలు వేశాం.

క్లోరోఫారం అనగానే అఫ్జల్‌గంజ్ గుర్తు రాకుండా ఉండదు. ఇప్పుడు ఉస్మానియా ఆసుపత్రి ఉన్న ప్రాంతంలో ఒకప్పుడు అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఉండేది. 1908 మూసీ వరద దాన్ని తుడిచిపెట్టింది. అక్కడ పనిచేసిన ఎడ్వర్డ్ లారీ అనే వైద్యుడి ఆధ్వర్యంలో 1888, 1889లో నిజాం ఖర్చుతో క్లోరోఫారం కమిషన్లు నడిచాయి. జాగ్రత్తగా ఇస్తే అది గుండెను నేరుగా దెబ్బ తీయదని లారీ వాదం. ఆ వాదం తర్వాత నిలవలేదు. అయినా మత్తుమందు గురించి ప్రపంచమంతా మన ఊరివైపు చూసిన రోజులవి. అదే క్లోరోఫారం ఇప్పుడు మా గాజు గొట్టంలో ప్రొటీన్లను అడుగుకు లాగి డీఎన్ఏను పైన వదిలిపెడుతోంది. ఇది అసలు విషయానికి కొంచెం పక్కదారి, క్షమించగలరు.

తీసిన డీఎన్ఏ ఎంత ఉందో తెలుసుకోవాలి. తక్కెడలో తూచలేం, కాంతితో తూచాలి. డీఎన్ఏ 260 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని బాగా పీలుస్తుంది. పీల్చిన కొలత 1 వస్తే మిల్లీలీటరుకు 50 మైక్రోగ్రాముల రెండు పేటల డీఎన్ఏ ఉన్నట్టు. మా కందాకు ద్రావణాన్ని 50 రెట్లు పలచన చేసి పెడితే 0.25 వచ్చింది. 0.25ను 50తోనూ మళ్లీ 50తోనూ గుణిస్తే 625. మిల్లీలీటరుకు 625 మైక్రోగ్రాములు! తరగతిలో ఎవరికీ అంత రాలేదు. తర్వాత 280 దగ్గర కొలిచాం, ఎందుకంటే ప్రొటీన్లు అక్కడ పీలుస్తాయి. 260 కొలతను 280 కొలతతో భాగిస్తే శుద్ధమైన డీఎన్ఏకు 1.8 దగ్గర, ఆర్ఎన్ఏకు 2.0 దగ్గర రావాలి. తగ్గితే ప్రొటీనో ఫినాలో మిగిలిందని అనుమానించాలి. మాకు 1.82. నేను పుస్తకంలో ఆ అంకె కింద రెండు గీతలు గీశాను.

మేడమ్ గారు వచ్చి చూసి, "ఎంత ఉందో రాశావు బాబూ. ఎట్లా ఉందో రాయలేదు. 230 దగ్గర చూశావా? జెల్ నడిపావా?" అన్నారు.

230 దగ్గర చూస్తే నిష్పత్తి 0.6. అది 2 దగ్గరో ఇంకొంచెం పైనో ఉండాలి. కందాకులో ఉండే జిగురు పిండిపదార్థాలు, వగరు పదార్థాలు అన్నీ డీఎన్ఏతో పాటు వచ్చి కూర్చున్నాయన్నమాట. ఆకు వగరని నోటికి తెలుసు, కాంతికి తెలిసేది 230 దగ్గర.

జెల్ ఇంకా ఘోరం. జెల్ అంటే సముద్రపు నాచు నుంచి తీసిన అగరోజ్‌ను నీళ్లలో కాచి పోసిన జున్నులాంటి పలక. ఒక చివర గుంటల్లో నమూనా పోసి కరెంటు పెడితే డీఎన్ఏ ధన ధ్రువం వైపు పాకుతుంది. పొట్టి ముక్కలు ముందుకు ఉరుకుతాయి, పొడుగువి వెనకబడతాయి. విరగని డీఎన్ఏ అయితే గుంటకు దగ్గర్లోనే, పక్కన కొలతకు పెట్టిన 23 వేల అక్షరాల ముక్కకు సమానంగానో ఇంకా వెనకనో, ఒక గట్టి చారగా నిలుస్తుంది. మా గుంటలోంచి మొదలైన వెలుగు చార కాలేదు. పైనుంచి కిందిదాకా పొగలా సాగి, అడుగున మబ్బులా గుమికూడింది. పైన ఉండాల్సిన చోట ఏమీ లేదు. అది డీఎన్ఏ కాదు, డీఎన్ఏ నూక.

మరి 625 ఎలా వచ్చింది? ఇక్కడే అసలు కిటుకు ఉంది, పాఠ్యపుస్తకం ఒక్క వాక్యంలో దాటేసింది. 260 కాంతి అక్షరాలను లెక్కపెడుతుందే గాని అవి దండగా కట్టి ఉన్నాయా, తెగి రాలాయా అని చూడదు. పైగా రెండు పేటలు విడిపోయినప్పుడు డీఎన్ఏ ఇంకా ఎక్కువ కాంతిని పీలుస్తుంది, నూటికి సుమారు 40 దాకా ఎక్కువ. ఆర్ఎన్ఏ కలిసి ఉంటే అదీ ఈ లెక్కలో చేరుతుంది. అంటే సరుకు పాడైనకొద్దీ తూకం పెరిగినట్టు కనిపించే తక్కెడ ఇది! అందుకే సీక్వెన్సింగుకు పంపేచోట్ల కేవలం ఈ కొలతను నమ్మరు. రెండు పేటల డీఎన్ఏను పట్టుకున్నప్పుడే వెలిగే రంగు కలిపి, ఆ వెలుగును కొలుస్తారు. దానికి క్యూబిట్ అనే చిన్న యంత్రం బాగా వాడుకలో ఉంది. కాంతి తూకం 600 అని, రంగు తూకం 60 అని చెప్పాయనుకోండి, నేనైతే 60నే నమ్ముతాను.

మార్కులు పోయాయని ఆ రోజు బాధపడ్డానే గాని, ఎండలో ప్లాస్టిక్ కవరులో ఉడికిన ఆకు అలాగే అవుతుందన్న ఇంగితం నాకు అప్పుడు లేదు. మా నాయిన విత్తనాలు కొనేటప్పుడు 100 గింజలు తడిగుడ్డలో చుట్టి, వారం తర్వాత మొలకలు లెక్కపెట్టి గాని దుక్కిలో వేయడు. బస్తా మీద ముద్ర ఉన్నా సరే. ఒకసారి మోసపోయాడు, ఎక్కడో పేరు చెప్పను. అప్పటినుంచి ఈ అలవాటు. బస్తా తూకం విత్తనం బతికి ఉందో లేదో చెప్పదు కదా! రైతు కొడుకుని అయి ఉండి నాకు ఆ పోలిక జెల్ చూసిన తర్వాత గాని తట్టలేదు.

ఇక అక్క కాగితానికి వస్తాను. నేను ఫోను చేసి ఒకటే అడిగాను, రక్తం తీసినప్పుడు గొట్టం మూత ఏ రంగులో ఉందని. అక్కకు బాగా గుర్తుంది. "నాది పచ్చ మూతరా. మామది వంకాయ రంగు." ఇద్దరూ ఒకేరోజు ఇవ్వలేదట. మామ ఆ రోజు వడ్ల కొనుగోలు కేంద్రంలో కాంటా కోసం ఎదురుచూస్తూ ఉండిపోయాడు. మరునాడు వెళ్తే వేరే మనిషి తీశాడు. సాధారణంగా వంకాయ రంగు మూత అంటే ఈడీటీఏ, పచ్చ మూత అంటే హెపారిన్. రక్తం తీసిన చోటు మా దగ్గరి పట్టణంలోనిది. దాని పేరు ఇక్కడ అనవసరం. తీసినవాడు కావాలని చేశాడని నేను అనను, చేతికి అందిన గొట్టం వాడి ఉంటాడు. కాని ఆ చేతికి అందడం వల్ల మాకు మూడు వారాలు పోయాయి.

హెపారిన్ ఎందుకు చెడ్డదంటే, అది డీఎన్ఏలాగే పొడుగాటి, రుణావేశం నిండిన అణువు. డీఎన్ఏను శుద్ధి చేసే దారిలో ఇదీ చల్లగా వెంట వస్తుంది. వచ్చి, డీఎన్ఏకు ప్రతులు తీసే పాలిమరేజ్ ఎంజైమును పట్టుకుని పని చేయనివ్వదు. ప్రతులు రాకపోతే చదవడానికి యంత్రం ముందు ఏమీ ఉండదు. ఇంకా చిత్రం, హెపారిన్ 260 దగ్గరా 280 దగ్గరా కాంతిని పీల్చదు. నిష్పత్తి 1.8 చక్కగా వస్తుంది, జెల్‌లో చార కూడా బ్రహ్మాండంగా ఉంటుంది, అయినా పరీక్ష నడవదు. ఇలాంటి దొంగను పట్టడానికి ఒక ఉపాయం ఉంది. తప్పక పనిచేస్తుందని తెలిసిన మంచి డీఎన్ఏను ఈ నమూనాలో కొంచెం కలిపి ప్రతులు తీస్తారు. అదీ ఆగిపోతే లోపం డీఎన్ఏలో లేదు, దాని చుట్టూ ఉన్న నీళ్లలో ఉంది. గడ్డకట్టి చితికిన రక్తంలోని హీమ్ కూడా ఇలాంటి అడ్డే పెడుతుంది.

చిన్నోడి నమూనా గురించి కూడా ఒక మాట. వాడి ఒంట్లో దాతల రక్తం ఉంది. ఆ రక్తంతో పరాయి తెల్లకణాలు, అంటే పరాయి డీఎన్ఏ కూడా కొంత వస్తుంది. కాబట్టి రక్తం ఎక్కించిన వెంటనే కాకుండా, మళ్లీ ఎక్కించబోయే ముందు నమూనా తీస్తారు. ఈ సంగతి నాకు ఏ పుస్తకంలోనూ కనబడలేదు, ఒక జన్యు సలహాదారు గారు చెప్పారు.

ఇంతకూ "మంచి నమూనా" అనేది ఒకటే కాదు. దేనికి మంచిది అని అడగాలి. అక్క విషయంలో చదవాల్సింది 1600 అక్షరాలు. 1977లో సాంగర్ చూపించిన పద్ధతి ఒక్కసారికి 700, 800 అక్షరాలు చదువుతుంది, కాబట్టి డీఎన్ఏ కొంత విరిగినా పని జరుగుతుంది, మలినమే ఉండకూడదు. మొత్తం జన్యుక్రమాన్ని 150 అక్షరాల తునకలుగా చదివే యంత్రాలకూ పొడుగు అంత ముఖ్యం కాదు. వేల, లక్షల అక్షరాల పోగులను ఏకబిగిన చదివే కొత్త యంత్రాలకు మాత్రం గట్టిగా పిపెట్టుతో పీల్చి వదిలినా పోగు తెగుతుంది, అక్కడ పొడుగే ప్రాణం. కొనుగోలు కేంద్రంలో తిప్పి పంపిన వడ్లు ఇంట్లో తినడానికి పనికిరావా? అలాగే.

ఆర్ఎన్ఏ ఇంకా సున్నితం. దాన్ని కొరికే ఎంజైము మన చేతి చెమటలోనే ఉంటుంది, మరిగించినా తేలిగ్గా చావదు. ఆర్ఎన్ఏ జెల్‌లో రెండు చారలు, 28ఎస్, 18ఎస్ అనేవి, కనబడాలి. మొదటిది రెండోదానికి రెట్టింపు వెలగాలి. ఇప్పుడు యంత్రం దాన్ని చూసి 1 నుంచి 10 దాకా ఒక అంకె వేస్తుంది. 8 పైన ఉంటే నిశ్చింత. కరోనా కాలంలో ఇదే సమస్య దేశమంతటికీ వచ్చింది. మన హబ్సిగూడ సీసీఎంబీ వాళ్లు ముక్కులోంచి తీసిన పుల్లను ద్రావకంలో ముంచకుండా పొడిగానే తెచ్చి, ఆర్ఎన్ఏ విడదీసే మెట్టు లేకుండానే పరీక్షించే పద్ధతి తయారుచేస్తే 2020 నవంబరులో ఐసీఎంఆర్ ఆమోదించింది. వైరస్ ఉందా లేదా తేల్చడానికి అది చాలు. వైరస్ క్రమం మొత్తం చదవాలంటే మాత్రం వైరస్ దండిగా ఉన్న నమూనాలను ఏరి తీసుకునేవాళ్లు.

చెడిపోవడం ఒక్కోసారి మంచి సాక్ష్యం అవుతుందని కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. హిమాలయాల్లో రూప్‌కుండ్ సరస్సు దగ్గర దొరికిన అస్థిపంజరాల్లో 38 మంది జన్యువులను సీసీఎంబీ వాళ్లతో కలిసి పలు దేశాల శాస్త్రవేత్తలు చదివి 2019లో ప్రకటించారు. పాత ఎముకలోని డీఎన్ఏ పొట్టి తునకలుగా ఉంటుంది, తునకల చివర్లలో సి అనే అక్షరం టీగా మారి కనిపిస్తుంది. ఆ మార్పు ఉంటేనే అది పాత ఎముకది. చక్కగా, పొడుగ్గా, మచ్చ లేకుండా ఉంటే తవ్వినవాడి చెమటలోంచి వచ్చిందని అనుమానించాలి.

మర్నాడు మామకు ఫోను చేశాను. హెపారిన్, పాలిమరేజ్ అని మొదలుపెడితే రెండు నిమిషాలు విని "మంచిగ చెప్పరా" అన్నాడు. అప్పుడు అడిగాను.

"మొన్న మీ వడ్లు కేంద్రంల ఎందుకు తిప్పిపంపిన్రు మామా?"

"అకాలపు వానకు నానినయి గద. తేమ 17 దాటింది."

"అయితే పొలం కరాబైనట్టా?"

ఫోనులో కాసేపు ఏ శబ్దమూ లేదు. తర్వాత ఆయన ఎవరినో, "అమ్మా, ఇటు రా" అని పిలిచాడు. నేను అదే మాట అమ్మమ్మకు మళ్లీ చెప్పాను. ఆమె ఏమీ అనలేదు. ఆ సాయంత్రం అక్కకు పెరుగన్నం కలిపి తానే తినిపించిందని అమ్మ చెప్పింది.

రెండోసారి రక్తం హైదరాబాదులోనే ఇచ్చారు. ముందు మూత రంగు చూశాను. పేరు, వయసు, తేదీ గొట్టం మీద రాశారా అని చూశాను. వెంటనే చల్లని పెట్టెలో పెట్టించి, నేనే వెంట వెళ్లి అందజేశాను. పది రోజుల్లో ఫలితం వచ్చింది. అక్కలోనూ మామలోనూ ఒకే తప్పు, ఐవీఎస్ 1-5 అనే చోట జీ బదులు సి. మన దేశంలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే తప్పు అదేనట.

పన్నెండో వారంలో మావి కణజాలం తీశారు. అక్కడ ఇంకొక నాణ్యత పరీక్ష ఉంది, అన్నిటికంటే భయపెట్టేది. ఆ రవ్వంత ముక్కలో తల్లి కణాలు అంటుకుని వస్తే బిడ్డ ఫలితం బదులు తల్లి ఫలితం వస్తుంది. సూక్ష్మదర్శిని కింద తల్లి కణజాలాన్ని సూదితో ఏరి పారేస్తారు. ఆ తర్వాత కొన్ని గుర్తుల దగ్గర తల్లి డీఎన్ఏను, బిడ్డ డీఎన్ఏను పక్కపక్కన పెట్టి పోలుస్తారు. ఒక్కో గుర్తు దగ్గర తల్లికి రెండు రూపాలుంటే, బిడ్డకు వాటిలో ఒకటే రావాలి, రెండోది తండ్రిది. తల్లివి రెండూ కనిపిస్తే కల్తీ అని అనుమానం. కాని మా ఇంట్లో తండ్రి తల్లికి మేనమామ! ఆయన దగ్గర్నుంచి వచ్చిన రూపం కూడా తల్లిదానిలాగే ఉండవచ్చు. అందుకని మామూలుకంటే ఎక్కువ గుర్తులు చూడాల్సి వచ్చిందని సలహాదారు గారు చెప్పారు. మేనరికం గురించి ఉపన్యాసాలు చాలా విన్నాను గాని, అది జెల్ మీద ఇలా అడ్డం వస్తుందని ఎవరూ చెప్పలేదు.

ఆ నివేదికను కూడా మామ అఫ్జల్‌గంజ్ లైబ్రరీ మెట్ల దగ్గరికే తెచ్చాడు. ఈసారి మడత పెట్టలేదు. మొదటి వరుసలోనే "నమూనా నాణ్యత: సంతృప్తికరం, తల్లి కణాల కల్తీ లేదు" అని అర్థం వచ్చే వాక్యం ఉంది. దాన్ని రెండుసార్లు చదివాను, ఫలితం ఆ తర్వాతనే చూశాను. బిడ్డ వాహకం, జబ్బు లేదు. డిసెంబరులో ఆడపిల్ల పుట్టింది.

చిన్నోడికి రక్తం ఎక్కించే రోజున ఇప్పుడు అమ్మమ్మ కూడా వెంట వస్తోంది. పరీక్షకు రక్తం తీయబోతే కుర్చీలోంచి లేచి నిలబడి, "మూత ఏ రంగు బిడ్డా?" అని అడుగుతుంది. కిందటి నెల ఫెరిటిన్ పరీక్షకని ఎర్ర మూత గొట్టం తీస్తే నర్సమ్మతో పెద్ద తగువే పెట్టుకుంది. ఆ పరీక్షకు అదే సరైన గొట్టమని ఒప్పించడానికి నాకు మధ్యాహ్నం దాకా పట్టింది.